కుర్చీ సముద్రం

మా ఊళ్ళో సముద్రాన్ని కుర్చీతో కొలుస్తారు.

నవ్వకండి. లోతు సంగతి ఓడలవాళ్ళు చూసుకుంటారు, అద్దె సంగతి మాత్రం కుర్చీయే తేల్చాలి. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే కిటికీలోంచి కనిపించేది ‘కుర్చీ సముద్రం’. ఆ ఇంటికి అద్దె మూడింతలు. లేచి నిలబడితేనే కనిపించేది ‘నిలువు సముద్రం’, దానికి రెండింతలు. మునివేళ్ళ మీద లేచి, మెడ సాగదీసి, పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదుగా చూస్తే చారెడు నీలం కనబడిందా, అది ‘మునివేళ్ళ సముద్రం’. చూపుకి అందక హోరు మాత్రం వినిపిస్తే ‘చెవి సముద్రం’. ఉప్పువాసన ఒక్కటే వస్తే ‘ముక్కు సముద్రం’. అదీ రాకపోతే ఆ ఇంటి గురించి బ్రోకర్లు మాట్లాడరు, ఆ ఇంట్లో ఉండేవాళ్ళతో అసలే మాట్లాడరు.

మా నాన్న కాలంలో ఈ కొలతలు లేవు. అప్పట్లో ఒడ్డున ఇల్లు ఊరికే ఇస్తామన్నా ఎవరూ ఉండేవారు కాదు. తలుపు గొళ్ళేలు తుప్పు పడతాయి, డబ్బాలో ఉప్పు నీరుగారిపోతుంది, సైకిలు చైను ఏడాదికొకటి పోతుంది. అలాంటి చోటికి చలి ఊళ్ళవాళ్ళు రావడం మొదలుపెట్టారు. మొదట్లో రెండు నెలలు లాడ్జిలో ఉండి, ముక్కులు ఎర్రగా కాల్చుకుని, వెళ్ళిపోయేవారు. తర్వాత నాలుగు నెలలు ఉన్నారు. ఆ తర్వాత పిల్లుల్ని తెచ్చుకున్నారు. “పిల్లిని తెచ్చినవాడు తిరిగెళ్ళడండీ” అని మా ఆవిడ ఆనాడే అంది. అన్నట్టే పింఛనువాళ్ళు దిగారు, వాళ్ళ వెనకే ఆఫీసును ఒళ్ళో పెట్టుకుని తిరిగే కుర్రవాళ్ళు దిగారు. అలలు అలా వచ్చి ఇలా పోతాయి. వీళ్ళు అలా వచ్చి అలాగే ఉండిపోయారు.

వాళ్ళు ఒక ఇంట్లో దిగితే మా వాళ్ళు ఒక వీధి వెనక్కి జరుగుతారు. పోటు వాళ్ళది, ఆటు మాది. మధ్యలో గుండెపోటు కూడా మాదే. చేపలు పట్టేవాళ్ళు ఇప్పుడు తొమ్మిదో వీధి నుంచి బస్సెక్కి సముద్రానికి వెళ్తున్నారు. కండక్టరు వలకి కూడా టిక్కెట్టు కొడుతున్నాడు. వల ఉన్నవాళ్ళు వెనక్కి, వలస వచ్చినవాళ్ళు ముందుకి.

అలాగని నేను వాళ్ళను తిట్టలేను. నేను కర్టెన్లు కుట్టే దర్జీని. దర్జా లేకపోయినా పని ఉంది. ఎండ కోసం రెండు రైళ్ళూ ఒక ఓడా మారి వచ్చినవాళ్ళు, మూడోరోజుకల్లా అదే ఎండ ఇంట్లోకి రాకుండా కర్టెన్ కుట్టమని నా గుమ్మం ఎక్కుతారు. పరదా వాళ్ళ సరదా, తెర నా బతుకుతెరువు. కాబట్టి నా కడుపు నింపేదీ వాళ్ళే, నా అద్దె పెంచేదీ వాళ్ళే. ఒకే చెంబుతో స్నానం, అదే చెంబుతో మొట్టికాయ.

మేమున్నది మూడో వీధిలో, మేడ మీద. ఒక హాలు, ఒక గది, ఒక వంటిల్లు. హాల్లో కిటికీ పక్కన నా మిషను. మా ఆవిడ అంచులు కుడుతుంది, రింగులు ఎక్కిస్తుంది. మా అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ నోటికి మాత్రం దారం లేకుండా మాట్లాడుతుంది. కింద ఓనరమ్మ ఉంటుంది. పదకొండేళ్ళ కిందట మోకాళ్ళు అరిగినప్పుడు ఇక ఆ మెట్లు ఎక్కనని ఒట్టు పెట్టుకుంది, నిలబెట్టుకుంది. నిలబడలేదు కాబట్టే నిలబెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళుగా మాది ముక్కు సముద్రం అద్దె. ఎందుకంటే మా కిటికీకి ఎదురుగా ఐస్ ఫ్యాక్టరీ గోడ. మూడంతస్తుల గోడ, దానికి ఒక్క కిటికీ లేదు. వేసవిలో ఆ గోడ మీంచి చల్లగాలి వచ్చేది. మా కిటికీకి ఆ గోడే కర్టెన్.

ఆ ఐస్ ఫ్యాక్టరీని కూల్చేశారు. మంచు పడలేక పారిపోయి వచ్చినవాళ్ళకి ఫ్లాట్లు కట్టాలని మంచు ఫ్యాక్టరీ పడగొట్టారు.

గోడ పడిన రోజు మేం ముగ్గురం హాల్లోనే ఉన్నాం. దబ్బున చప్పుడైంది, ఇల్లంతా దుమ్ము. దుమ్ము అణగేసరికి కిటికీ నిండా సముద్రం. ఒక మూల పడవ కూడా ఉంది, ఎవరో కావాలని పెట్టినట్టు.

“ఇదేంటే, ఇది ఇంత దగ్గర్లో ఉందా!” అంది మా అత్తగారు. పంతొమ్మిదేళ్ళు వాసన చూసిన మనిషి.

నేను మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. కూర్చునే చూస్తున్నానన్న సంగతి నాకు తట్టేలోపు మా ఆవిడకి తట్టింది.

“కిటికీ ముయ్యండి! ముందు కిటికీ ముయ్యండి!” అని అరిచింది, వాన జల్లు లోపలికి కొడుతున్నట్టు.

“ఎందుకే, గాలి బాగుంది...”

“గాలి బాగానే ఉంటుంది. కూర్చుంటే కనిపిస్తోంది, చూశారా? మూడింతలు! మన అద్దె మూడింతలైతే మనం ఏ వీధికి పోవాలి? మీ కస్టమర్లందరూ మొదటి వీధిలో, రెండో వీధిలో ఉన్నారు. నడిచొస్తున్నారు కాబట్టి ఇస్తున్నారు. కర్టెన్ గుడ్డ చంకలో పెట్టుకుని తొమ్మిదో వీధికి ఎవడొస్తాడు?”

“అక్కడ ఐదంతస్తులు కడతారటే. మూడో స్లాబు పడితే సముద్రం మళ్ళీ పోతుంది. మహా అయితే ఎనిమిది నెలలు.”

“అయితే ఆ ఎనిమిది నెలలూ ఇది ఎవరి కంటా పడకూడదు.”

“సముద్రాన్ని ఎలా దాస్తామే?”

ఆవిడ నా మిషను వంక చూసింది. కిటుకు కిటికీలోనే ఉంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. నా జన్మలో అలాంటి కర్టెన్ కుట్టలేదు. ముందు మందపాటి గోధుమరంగు గుడ్డ, మధ్యలో నల్ల లైనింగు, వెనక తెల్ల అస్తరు. జానెడుకో కుచ్చి. అడుగు అంచులో సీసం గుళ్ళు వేసి కుట్టాను, గాలికి లేవకుండా. పైన రాడ్డు, రాడ్డుకి కప్పీ, కప్పీకి తాడు. ఊరంతటికీ కర్టెన్లు కుట్టి నా ఇంటి కిటికీకి పాత దుప్పటి కట్టుకున్న మనిషిని నేను. మొట్టమొదటిసారి నా ఇంటికి నేనే కస్టమరు. కష్టమరుణ్ణి కూడా నేనే.

ఆ రోజు నుంచి పట్టపగలు లైటు వేసుకుని కుట్టడం మొదలైంది. కింద నుంచి ఓనరమ్మ కేక వేసేది: “టైలరూ! పగలు లైటేంటి?”

“కళ్ళు మందగించాయి అమ్మగారూ!”

“డాక్టరుకి చూపించుకోవయ్యా, ఊరికే లైటుకి చూపించుకుంటావేం!”

ఆవిడకి సముద్రం కనిపించే వీలు లేదు. కట్టడం చుట్టూ ఎత్తుగా రేకులు పాతారు, కింది వాటాలోంచి చూస్తే రేకులే. మాకు కావలసిందల్లా ఆవిడ మోకాళ్ళు బాగవకుండా ఉండటం, మేడ త్వరగా లేవడం. మొదటిది కోరుకోవడం తప్పని మా ఆవిడ రెండోదాని మీదే పడింది. రోజూ రెండు పూటలా కూలీలకి ఫ్లాస్కు నిండా టీ పంపేది.

“మేస్త్రీగారూ, రెండో స్లాబు ఎప్పుడు?”

“సిమెంటు రావాలమ్మా.”

“మరి అడగండి! మీరు గట్టిగా అడగరు. మెతకవాళ్ళని చూస్తే వాళ్ళు లారీ పంపరు.”

మేస్త్రీ మమ్మల్ని బిల్డరు బంధువులనుకున్నాడు. వాళ్ళూ వలస వచ్చినవాళ్ళే, అయితే చలి నుంచి కాదు, లోపలి ఎండిన ఊళ్ళ నుంచి. ఒడ్డునే రేకుల షెడ్లు వేసుకున్నారు. ఆ షెడ్లలో పడుకుంటే చాలు, తల తిప్పక్కర్లేకుండా సముద్రం కనిపిస్తుంది. కానీ షెడ్డులో కుర్చీ లేదు కదా, అందుకని అది లెక్కలోకి రాదు.

ఇంట్లో మాత్రం మా అత్తగారితో గొడవ. సముద్రం చూడాలని ఆవిడ పట్టు.

“చూస్తే అరిగిపోతుందా? ఇన్నేళ్ళకి ఇంటికొచ్చింది, మొహం మీద తలుపేస్తారా?”

చివరికి ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఓనరమ్మ కునుకు తీస్తుంది. ఆ గంటసేపు కర్టెన్ చివర పట్టి మూరెడు తప్పిస్తాం. అత్తగారు స్టూలు వేసుకుని చూడవచ్చు. అయితే పైకి ఏమీ అనకూడదు. ఆవిడ ఒక్క గంట నోరు మూసుకోవడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అప్పుడే చూశాను. సముద్రం మీద నాకు గౌరవం పెరిగింది.

ఐదో నెలలో కుర్చీ బ్రోకరు వచ్చాడు. ఊళ్ళో ఏ గోడ పడినా, పడిన చోటు చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ తిరిగి కొలవడం వాళ్ళ సంఘం పద్ధతి. చంకలో మడత కుర్చీ, ఇనుప కాళ్ళు, ఆకుపచ్చ గుడ్డ, వెనక సంఘం ముద్ర. ఆ కుర్చీ కాళ్ళు రెండంగుళాలు పొడుగు చేయించాడని ఊళ్ళో అనుమానం. ఆ రెండంగుళాల వల్లనే ఎన్నో నిలువు సముద్రాలు కుర్చీలో కూర్చున్నాయి.

“మాస్టరూ, ఒక్క నిమిషం కూర్చుని పోతాను” అన్నాడు గుమ్మంలో.

మా ఆవిడ గుమ్మానికి అడ్డం పడింది. “లోపలికి రాకండి అన్నయ్యగారూ! అమ్మకి కళ్ళకలక. చూసినవాళ్ళకల్లా అంటుకుంటోంది.”

అత్తగారు లోపలి నుంచి వెంటనే అందుకుంది: “అబ్బా! మంటే! ఎవరది, దగ్గరికి రమ్మను, చూద్దాం!”

కళ్ళే పెట్టుబడిగా బతికే మనిషి కదా, రెండు మెట్లు వెనక్కి దిగాడు. వెనకవైపు వరండాలోనే కుర్చీ వేసి కూర్చుని గాలి పీల్చి, పుస్తకంలో ‘ముక్కు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో కాఫీ రెండోసారి కలిపారు.

ఆరో నెల దాటింది. రెండో స్లాబు పడింది. సముద్రం సగానికి వచ్చింది. స్టూలు మీద కూర్చుంటే ఇంకా కనిపిస్తోంది కానీ, కింద సగం సిమెంటు, పైన సగం నీళ్ళు. మూడో స్లాబుకి కర్రలు పాతుతున్నారు. “ఇంకో రెండు నెలలు” అని మా ఆవిడ వేళ్ళు మడిచింది.

సరిగ్గా అప్పుడు బ్రోకరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కొలవడానికి కాదు, నాకు పని తెచ్చాడు. వెంట ఒక చలి ఊరి పెద్దాయన. పొడుగ్గా, తెల్లగా, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాడు. మంచు ఊరి నుంచి వచ్చినాయన కాబట్టి ఆ మధ్యాహ్నం నుంచి మేం ఆయన్ని మంచాయన అనే పిలుచుకున్నాం. మంచాయన అవునో కాదో నాకిప్పటికీ తేలలేదు. మన భాష కొత్తగా నేర్చుకున్నాడు, ఎక్కడ తప్పు పోతుందోనని అందరినీ ‘మీరు’ అంటాడు. మెట్ల మీద పిల్లిని కూడా “మీరు తప్పుకుంటారా?” అని అడిగాడు.

“మాస్టరూ, ఈయన లాడ్జి గదిలో ఎండ పడలేకపోతున్నారు. ఇల్లు నేను చూసి పెడతాను, కర్టెన్ మీరు చూసి పెట్టండి” అన్నాడు బ్రోకరు. కస్టమర్ని గుమ్మంలోంచి ఎలా పంపను? లోపలికి రమ్మన్నాను. కుర్చీ బ్రోకరు చంకలోనే ఉంది, గొడుగులాగా.

మంచాయన గుడ్డలు చూశాడు. ఒక్కటీ నచ్చలేదు. తల తిప్పాడు, కిటికీకి ఉన్న కర్టెన్ చూశాడు. లేచి దగ్గరికి వెళ్ళాడు. చూపుడువేలితో కుచ్చిళ్ళు మెల్లగా లెక్కపెట్టాడు.

“ఇది మీరు కుట్టారా?”

“నేనేనండి.”

“మా ఊళ్ళో చలికి ఇలాంటివే వేస్తాం. కానీ ఇంత బాగా ఎవరూ కుట్టరు. మూడు పొరలా?”

ముప్పయ్యేళ్ళుగా కుడుతున్నాను. ‘ఎంత తగ్గిస్తావ్’ అన్నవాళ్ళే గానీ ‘ఎంత బాగా కుట్టావ్’ అన్న మనిషి ఎదురవలేదు. గుడ్డకు మూడు పొరలు, నా కళ్ళకు ఒక పొర, మొత్తం నాలుగు.

“మూడు పొరలేనండి! మధ్యలో నల్ల లైనింగు. అంచు పట్టుకోండి, బరువు చూశారా? సీసం. ఇంత బరువున్నా తాడు చూడండి, చంటిపిల్ల లాగినా వస్తుంది. కప్పీ ఇత్తడిది. ఇలా పట్టుకుని, ఇలా...”

మా ఆవిడ వంటింట్లోంచి “ఏమండీ!” అంది. మామూలు ఏమండీ కాదు. కానీ ముప్పయ్యేళ్ళుగా కస్టమరు ముందు తాడు లాగి చూపించిన చెయ్యి అది. నన్ను అడగదు.

సర్ర్‌మని జారింది. వెన్నలా. నా పనితనంలో ఒక్క లోపం లేదు.

హాలంతా వెలుగు. సగం సిమెంటు, సగం సముద్రం. వెనక టక్కుమని ఒక చప్పుడు. మడత కుర్చీ తెరుచుకున్న చప్పుడు.

బ్రోకరు కూర్చున్నాడు. ఒక కన్ను మూశాడు, తెరిచాడు.

“కుర్చీ సముద్రం!” అన్నాడు, తప్పిపోయిన ఆవు దొరికినవాడిలా. “మాస్టరూ, మీ అత్తగారి కళ్ళకలక నయమైనట్టుంది!”

“అయ్యా, ఇది రెండు నెలల ముచ్చట” అన్నాను. “మూడో స్లాబు పడుతోంది. తర్వాత ఇక్కడ సముద్రం ఉండదు. మంచాయ... అయ్యగారూ, నా మాట నమ్మండి.”

“ఆరు నెలలు ఉన్నదాన్ని లేదన్నావు” అన్నాడు బ్రోకరు. “ఇప్పుడు కనిపించేదాన్ని ఉండదంటున్నావు. ఏ మాట నమ్మమంటావు మాస్టరూ?”

మంచాయన నన్ను జాలిగా చూశాడు. “ఎదురు కట్టడం ఎంత ఎత్తు?” అని బ్రోకర్ని అడిగాడు.

“ఇంతే సార్. అయిపోవచ్చింది. ఆ కర్రలు సున్నం వెయ్యడానికి.”

కింద ఓనరమ్మకి కబురు వెళ్ళింది. పదకొండేళ్ళ ఒట్టు తీసి గట్టున పెట్టి ఆవిడ మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకీ “అమ్మా” అంటూ, ఇరవై రెండు అమ్మలతో వచ్చింది. బ్రోకరు లేచి కుర్చీ ఇచ్చాడు. కూర్చుని చాలాసేపు చూసింది.

“టైలరూ” అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. “పంతొమ్మిదేళ్ళ నుంచి ఉంటున్నావు. నీ కూతురి పెళ్ళికి కింది వాటా అంతా ఇచ్చాను. నా సముద్రాన్ని నా దగ్గరే దాచావా?”

“రెండు నెలలు అమ్మగారూ. రెండు నెలల్లో పోయేదానికి మమ్మల్ని పొమ్మనకండి.”

“మా చెల్లెలికి రెండు ఇళ్ళున్నాయి, రెండూ నిలువు సముద్రాలే. ఎప్పుడొచ్చినా నిలబడి మాట్లాడుతుంది. నాది ముక్కు ఇల్లని నన్ను చూసి ముక్కు చీదుతుంది. ఇప్పుడు రమ్మను, కూర్చోబెడతాను.”

మా అత్తగారు ముందుకొచ్చింది. “అమ్మా, మీరు కూడా రోజూ వచ్చి చూడండి. నేను రెండింటికి చూస్తాను, మీరు మూడింటికి చూద్దురుగాని. ఇల్లు మాత్రం మాకుంచండి.”

ఓనరమ్మ ఆవిడ వంక చూసింది, ఒక్క క్షణం మెత్తబడ్డట్టే అనిపించింది. అప్పుడు మంచాయన గొంతు సవరించుకుని, ఐదేళ్ళకి అగ్రిమెంటు రాస్తానన్నాడు. ఐదేళ్ళూ మూడింతలు. ఎవరూ పెంచకూడదు, ఎవరూ వెళ్ళగొట్టకూడదు. ఆ రెండో మాటని ఆయన రెండుసార్లు చెప్పాడు.

మాకు నెల గడువిచ్చారు. కర్టెన్ నాది కాబట్టి విప్పుకున్నాను, రాడ్డుతో సహా.

తొమ్మిదో వీధిలో పరుపుల గోడౌను మీద రెండు గదులు దొరికాయి. అద్దె చెవికీ ముక్కుకీ మధ్యన. కింద పరుపులు, పైన మాకు నిద్ర లేదు. మూడో వీధికి నడిచొచ్చే కస్టమర్లు రావడం మానేశారు. నేనే గుడ్డల చుట్ట భుజాన వేసుకుని బస్సెక్కి వెళ్తున్నాను. వల పక్కన కూర్చుంటాను. కండక్టరు నా చుట్టకి కూడా టిక్కెట్టు కొడుతున్నాడు.

మేం దిగిన మూడు వారాలకి మంచాయన నుంచి ఫోను. కిటికీ కొలతలకి రమ్మన్నాడు.

“వెళ్ళండి” అంది మా ఆవిడ. “కొలతలతో పాటు ఇంటి మాట కూడా కదపండి. ఆయన పోతానంటే పాత అద్దెకి మనమే దిగుతామని ఓనరమ్మకి చెప్పండి. ఇంకెవరో దూరకముందే.”

వెళ్ళాను. హాలు ఖాళీగా ఉంది. నా మిషను ఉన్నచోట ఒక్క కుర్చీ, అందులో మంచాయన. కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, కొత్త మేడ గోడ. గోడకి ఒక చిన్న కిటికీ. దాంట్లో, పై అంతస్తులు లేవకముందే ఫ్లాట్లో దిగిపోయిన ఒకాయన బనియనుతో పళ్ళు తోముకుంటున్నాడు. ఆయన మంచాయనకి చెయ్యి ఊపాడు. మంచాయనా ఊపాడు.

“రోజూ ఊపుతారు” అన్నాడు నాతో. “మంచి మనిషి. మా పక్క ఊరాయనే. మీరు నిజం చెప్పారు, దర్జీగారూ. నేను నమ్మలేదు.”

“పోనివ్వండి. మీరు వెళ్ళిపోవచ్చు కదా?”

“ఎక్కడికి? మా ఊళ్ళో వెచ్చగా ఉండే ఇళ్ళన్నీ ఎవరో కొనేశారు. మాకు ఇంకా చలిగా ఉండేవి మిగిలాయి. అక్కడి నుంచి వెళ్ళగొట్టారనే ఇక్కడ ఐదేళ్ళకి రాయించుకున్నాను. నన్ను ఎవరూ వెళ్ళగొట్టకూడదని రాయించాను. నేను వెళ్ళవచ్చని రాయించడం మర్చిపోయాను.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గాను.

కిందికి వెళ్ళి ఓనరమ్మ దగ్గర కూర్చున్నాను. మంచాయన్ని వదిలెయ్యండి, పాత అద్దెకి మేం దిగుతాం అన్నాను.

“ఎలాగయ్యా?” అంది. మనసులో మా మీద ప్రేమ లేక కాదు. “ఇప్పుడు నాది కుర్చీ ఇల్లు. కాగితంలో రాశారు. చెల్లెలికి కూడా చెప్పేశాను. కుర్చీ ఎక్కిన ఇంటిని మళ్ళీ ముక్కుకి ఎలా దించను?”

“సముద్రం పోయింది కదమ్మగారూ.”

“సముద్రం పోతే పోనీ, అద్దె ఉంది కదా.”

మళ్ళీ పైకెళ్ళాను. మంచాయన కావాలన్నది వినండి: నీలం గుడ్డ మీద అలలు, పైన కాస్త ఆకాశం, వీలైతే ఒక పడవ. బజారులో అలాంటి అచ్చుగుడ్డ దొరుకుతుంది, పిల్లల గదులకి వేస్తారు. పది రోజుల్లో కుట్టి తగిలించాను. పనితనంలో లోటు చెయ్యలేదు, కుచ్చిళ్ళు అలల మీద సరిగ్గా పడేలా మడిచాను. పడవ మాత్రం ఒక కుచ్చిలో ఇరుక్కుపోయింది. సగమే కనిపిస్తుంది.

ఆ రోజే బ్రోకరు కూడా వచ్చాడు. ఏడాదికి ఒకసారి తిరిగి కొలవడం వాళ్ళ పద్ధతి, ఎదురు మేడ లేచింది కాబట్టి ముందే వచ్చాడు. కుర్చీ తెరిచి కూర్చున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు. నేను అతని పుస్తకం వంకే చూస్తున్నాను. ‘లేదు’ అని ఒక్క మాట రాస్తే, అద్దె దిగితే, మా ఇల్లు మాకు...

“నీళ్ళు కనిపిస్తున్నాయి. పడవ కూడా ఉంది” అన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. “కుర్చీ సముద్రమే!”

“అది నేను కుట్టింది!” అన్నాను.

“అందుకే బాగుంది మాస్టరూ. పాత సముద్రంలో సగం సిమెంటు ఉండేది.”

బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. మా ఆవిడ నా మొహం చూసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఇంతలో మేడ మీద నుంచి మా అత్తగారి కేక. బట్టలు ఆరేయడానికి వెళ్ళింది.

“అల్లుడూ! ఒరేయ్ అల్లుడూ! తొందరగా రా!”

కింద పడిందేమోనని ఇద్దరం పరుగెత్తాం. పడలేదు. రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబడి ఉంది, చేతిలో తడి తువ్వాలు. మా కాలనీ చివర పాత సినిమా హాలు ఆ పొద్దునే కూల్చారట. ఆ సందులోంచి, ఎనిమిది వీధుల అవతల, కాటుక గీసినంత నీలం.

“నిలబడితే కనిపిస్తోందే!” అంది అత్తగారు సంబరంగా, ఊరంతా వినేలా. “మునివేళ్ళు కూడా అక్కర్లేదు! ఇంత దూరం వచ్చినా మన వెనకే...”

“అమ్మా! నోరు ముయ్యవే!” మా ఆవిడ తల్లి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు వైపులా చూసింది. గోడౌను ఓనరు కింద పరుపులు లెక్కపెట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు. “ఏమండీ, ఆ పాత కర్టెన్ ఏదీ? మంచం కింద పెట్టాం కదా?”

తెచ్చాను. మూడు పొరలు, సీసం అంచు, ఇత్తడి కప్పీ. బట్టలు ఆరేసే తీగ మీద వేసి, రెండు ట్యాంకుల మధ్యా సరిగ్గా లాగాం. ఒక పక్క జానెడు చాల్లేదు. ఆ జానెడులోంచి సముద్రం ఇంకా తొంగి చూస్తోంది.

“నాకు రెండింటికి కావాలి” అంది అత్తగారు, మళ్ళీ నోటి మీదికొచ్చిన మా ఆవిడ వేళ్ళ సందులోంచి.

నేను మెళ్ళోంచి టేపు తీశాను.